మూడు సుద్దలతో మా అన్నయ్య వీపు

నాకు మనిషి బొమ్మ గీయడం వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. పాట వచ్చినవాళ్ళు గొంతు బాగోలేదంటూ కాసేపు బతిమాలించుకోవచ్చు గానీ, బొమ్మలు గీసేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. కాగితం మీద గీసిన చెయ్యి చెయ్యిలా ఉంటుంది, లేదా ఉండదు. నేను గీసిన చెయ్యి చెయ్యిలాగే ఉండేది. ఆ సంగతి చిన్న వయసులోనే నాకు తెలుసు, నాకు నేర్పిన ఆవిడకూ తెలుసు.

అప్పట్లో మేము రాయపూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. విజయనగరం నుంచి కొండలు దాటుకుని వచ్చే రైలు దారి పడ్డాక, ఆ దారి వెంటే మా నాన్న ఈ ఊరు వచ్చారు. ఆయనలాగే మరెన్నో తెలుగు కుటుంబాలు వచ్చాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులు. మాకు రాజధాని నాగపూర్. బజారులో హిందీ, పాలమనిషితో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో విజయనగరం మాట, అందులోనూ సగం హిందీయే. నాన్న పోయాక ఇంటికి అన్నయ్యే ఆధారం. మాలుగాడీ, అంటే గూడ్సు బండి, ఇంజన్ల మీద ఫైర్‌మన్ పని. బొగ్గు పారతో ఎత్తి మంటలోకి విసరడం, ఆవిరి తగ్గకుండా చూడడం అతని ఉద్యోగం. ఏదో ఒకరోజు డ్రైవరు అవుతాడని అమ్మ, వదిన, నేను ముగ్గురం ఎదురుచూసేవాళ్ళం.

మా ఆడపిల్లల బళ్ళో డ్రాయింగ్ నేర్పే ఆవిడ మరాఠీ మనిషి. పిల్లలందరం ఆవిడను బాయి అని పిలిచేవాళ్ళం. పెళ్ళికి ముందు బొంబాయిలో చిత్రకళ చదువుకున్నారు. అంత చదువూ చదివి మాకు నేర్పిందల్లా కుండ, పెట్టె, మందారపువ్వు, చీర అంచు డిజైను. సిలబస్ అంతే. అందులో మనిషి లేడు. మెట్రిక్ అయిపోయాక కూడా నేను ఆదివారాలు బూఢాపారాలో ఉన్న బాయి ఇంటికి వెళ్తుండేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ బియ్యం ఏరుతూ మామూలుగా అన్నారు.

"మా ఆయనకు నాగపూర్ బదిలీ అవుతుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. నా పని ఖాళీ అవుతుంది. దానికి నువ్వెందుకు ప్రయత్నించకూడదు?"

"ప్రయత్నించడం ఏముంది బాయీ, చేస్తాను" అన్నాను.

ఆవిడ నవ్వారు. "కుండలూ పువ్వులూ గీసేవాళ్ళు చాలామంది వస్తారు. మనిషిని గీసి చూపించు. అప్పుడు నిన్ను కాదనడం వాళ్ళకు కష్టం."

బియ్యం చేట పక్కన పెట్టి, ట్రంకు పెట్టె తెరిచి, పాత నూలు చీర ముక్కలో చుట్టిన అచ్చు బొమ్మలు తీశారు. బొంబాయిలో చదివేటప్పుడు కొనుక్కున్నవట. మూడు వందల ఏళ్ళ కిందట ఇటలీలోనూ ఆ పైదేశాల్లోనూ ఉన్న చిత్రకారులు సుద్దతో గీసినవి. ఆ కాలాన్ని బరోక్ కాలం అంటారని చెప్పారు. పెద్ద పెద్ద తైలచిత్రాలు వేసే ముందు ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, అతని నడుం ఎలా తిరిగింది, చెయ్యి ఎలా చాచాడు అని కాగితం మీద సరిచూసుకునేవారట. ఒక బొమ్మలో ఒకతను బరువైన దుంగను ఎత్తుతున్నాడు. వీపు మనవైపు ఉంది. ఒక కాలి మీద బరువంతా మోపి, నడుం ఒక పక్కకూ భుజాలు ఇంకో పక్కకూ తిప్పాడు. అదే కాగితం మూలన అతని చెయ్యి ఒక్కటీ మళ్ళీ గీసి ఉంది, దాని పక్కన మరోసారి.

నేను చాలాసేపు ఆ వీపు వంకే చూశాను. అంతకుముందు నేను చూసిన బొమ్మల్లో మనుషులు నిలబడి ఉండేవారు. ఇతను పని చేస్తున్నాడు.

ఇంటికి వచ్చి అమ్మతో బరోక్ అని చెబితే, అమ్మ కూర తరుగుతూ తలెత్తింది. "బారకులేటే? సిపాయిలుండే బారకులా? ఆడికెందుకెల్లావు?" వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోంచి బయటకు వెళ్ళిపోయింది. ఆ తరవాత మా ఇంట్లో నా బొమ్మలకు బారకు బొమ్మలనే పేరు స్థిరపడిపోయింది.

ఆ పద్ధతికి మూడు సుద్దలు కావాలి. ఎరుపు, నలుపు, తెలుపు. మూడూ నేలలోంచి తవ్వి తీసినవే, కోసి కడ్డీల్లా చేసుకునేవారని బాయి చెప్పారు. బొంబాయి నుంచి తెప్పించుకుందామంటే ఎప్పటికి వస్తాయో తెలియదు. నేలలోంచి వచ్చేవే అయితే మన నేలలో మాత్రం ఎందుకు ఉండవని నాకు అనిపించింది. ఎరుపు వెంటనే దొరికింది. గోల్ బజార్‌లో గోడలకు పూసే గేరు గడ్డలు అమ్ముతారు. మెత్తగా, ఇసుక తగలని గడ్డ ఒకటి ఏరి, అన్నయ్య పాత రంపపు బద్దతో వేళ్ళంత ముక్కలుగా కోశాను. తెలుపు కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. టాటీబంధ్ వైపు పల్లెల నుంచి ఒకామె గంపలో తెల్లమట్టి పెట్టుకుని మా క్వార్టర్ల ముందు "ఛుహీ లేబే కా ఓ నోనీ" అని అరుస్తూ వెళ్ళేది, ఛుహీ కొంటావా అమ్మాయ్ అని. దీపావళికి ముందు అందరూ గోడలకు పూసుకునేది ఆ ఛుహీనే. దాన్ని నీళ్ళలో నానబెట్టి, మీద తేరిన మెత్తటి మట్టిని వత్తుల్లా చుట్టి నీడన ఆరబెట్టాను.

నలుపే మిగిలింది. కట్టెబొగ్గు ఉంది గానీ అది రాలిపోతుంది, గీత నిలవదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన అన్నయ్య బొగ్గులో వచ్చే పనికిరాని రాళ్ళను తిట్టుకుంటున్నాడు. మండదట, కరిగి మంట కింది ఇనపకమ్మీలకు పట్టుకుంటుందట, ఆవిరి పడిపోతుందట.

"ఆ రాయి మెత్తగా ఉంటాదా అన్నయ్యా? గీత పడతాదా?" అన్నాను.

"ఏటే, దాంతో కూడా బొమ్మలా? పడతాది. చేతులు చూడు."

మర్నాడు రుమాలులో కట్టి నాలుగు పలకలు తెచ్చాడు. రెండు గట్టివి, పనికిరాలేదు. మిగతా రెండూ నల్లటి మెత్తటి పలకలు. కోసి గీస్తే గీత మఖ్మల్‌లా పడింది. కాగితం సంగతి బాయి చూశారు. బట్టల తానులకు చుట్టి వచ్చే మట్టిరంగు కాగితం చాలన్నారు. సదర్ బజార్ కొట్టువాళ్ళు దాన్ని బయట పారేసేవాళ్ళు.

"తెల్ల కాగితం వద్దు" అన్నారు బాయి. "తెల్ల కాగితం మీద నువ్వు నీడ ఒక్కటే గీయగలవు. ఈ కాగితం ఒంటి రంగులో సగం నీకు ముందే ఇచ్చేసింది. నీడ నువ్వు దించు, వెలుగు నువ్వు ఎక్కించు. మధ్యలోది కాగితానికి వదిలెయ్."

వినడానికి చిన్నమాట. చెయ్యడానికి నాకు వర్షాకాలమంతా పట్టింది. చేతిలో సుద్ద ఉన్నప్పుడు కాగితాన్ని ఖాళీగా వదలడం ఎంత కష్టమో గీసినవాళ్ళకే తెలుస్తుంది.

కూర్చోపెట్టి గీయడానికి మనిషి కావాలి కదా. అమ్మను అడిగితే ఆమడ దూరం పారిపోయింది. వదిన కూర్చునేది గానీ, నేను చూస్తుంటే సిగ్గుతో మెలికలు తిరిగిపోయేది. మిగిలింది అన్నయ్య. వారంలో అతనికి విశ్రాంతి దొరికిన రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పెరటి వసారాలో చొక్కా విప్పించి, చేతికి బొగ్గుపార ఇచ్చి, మంటలోకి విసరబోతున్నట్టు నిలబెట్టేదాన్ని. పెరటి తలుపులోంచి ఒక పక్కనుంచే వెలుగు పడేది. ఆ బరోక్ వాళ్ళకు కావలసింది కూడా అలాంటి వెలుగే.

మొదటి రోజే అమ్మ గుమ్మంలో నిలబడింది. "పెళ్ళీడు పిల్ల మగోడి ఒళ్ళు గీత్తందంటే నలుగురూ ఏటనుకుంటారు?"

"మగోడేటమ్మా, అన్నయ్య కదా."

"నీకు అన్నయ్యే. కాయితం మీద ఎవులికి తెలుస్తాది అన్నయ్యని?"

ఆ మాటను అన్నయ్యే అందుకున్నాడు. "మొహం గీయదులే అమ్మా. వీపే గదా. వీపు చూసి నన్నెవుడు గుర్తుపడతాడు?" అమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. మరుసటి వారం నుంచి నేను గీస్తున్నంతసేపూ గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. కాపలా కాస్తున్నానని ఆవిడ ఉద్దేశం. కొన్ని వారాలకు "ఎడమకాలు పొట్టిగా వచ్చిందే" అని తప్పులు పట్టడం మొదలుపెట్టింది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

అన్నయ్య మాత్రం నిలబడే మనిషి కాదు. "ఎంతసేపే ఇంకా? కాలు తిమ్మిరెక్కిపోయింది."

"కదలకు అన్నయ్యా."

"కదలకపోతే బొమ్మనే అవుతాను. ఇంక నువ్వు గీసేదేటి?"

బాయి దగ్గర నేర్చుకున్నదాన్ని అతని వీపు మీద ప్రయత్నించేదాన్ని. ముందు బరువు ఏ కాలి మీద ఉందో చూసి, తల నుంచి ఆ మడమ దాకా ఒకే ఊపులో గీత. తరవాత భుజాల వాలు, నడుం వాలు. అవి రెండూ ఎదురెదురుగా వాలితేనే మనిషి తిరుగుతున్నట్టు ఉంటాడు. చుట్టుగీత అంతా ఒకే మందంలో ఉండకూడదు. వెలుగు పడేవైపు పలచబడి, ఒక్కోచోట మాయమైపోవాలి. నీడవైపు సుద్దను నొక్కాలి. తప్పు పడితే చెరపకుండా పక్కనే సరైన గీత గీయాలి. ఆ పాత చిత్రకారుల కాగితాల మీద అలాంటి గీతలు రెండేసి, మూడేసి కనబడతాయి. వాళ్ళు వాటిని దాచుకోలేదు. నీడకు వేసే సన్నగీతలు కండ ఎటు గుండ్రంగా తిరిగితే అటే తిరగాలి. "చేతికి గాజు ఎలా చుట్టుకుంటుంది? అలా" అని బాయి తన చేతి గాజులు జరిపి చూపించారు. చెవి తమ్మె, మోచెయ్యి, వేళ్ళ కణుపులు, అంటే చర్మం కింద నెత్తురు దగ్గరగా ఉండేచోట్ల గేరు. జుట్టుకు, పంచెకు, బాగా లోతైన నీడకు నల్లరాయి. మరీ చిక్కటి నీడ కావాలంటే ఆ ముక్కను కాస్త తడిపి అద్దాలి. తెలుపు ఆఖరున, చెమట మెరిసేచోట మాత్రం. తెలుపు నలుపుకు తగిలితే బూడిదరంగు బురద అయిపోతుంది.

వానలు వెనకబట్టే వేళకు నాకు గీత కుదిరింది. కాగితం మీద వీపు తిరిగేది, పార బరువు తెలిసేది. నాకే కాదు, గుమ్మంలోని అమ్మకు కూడా తెలిసేది. "ఆ పార కిందపెట్టెయ్‌రా అనాలనిపిస్తందే" అంది ఒకసారి. అంతకంటే మంచి మెచ్చుకోలు నాకు తరవాత ఎప్పుడూ దొరకలేదు.

దసరా సెలవుల్లో నాలుగు బొమ్మలు చుట్ట చుట్టి బాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వాటిని నేలమీద పరిచి, నిలబడి చూశారు, మళ్ళీ కూర్చుని చూశారు. మూడింటికి తల ఊపారు. నాలుగోది, అన్నిటికన్నా కొత్తది, దగ్గరికి లాక్కున్నారు.

"ఇక్కడ తప్పింది" అంటూ కుడి రెక్క ఎముక మీద వేలు పెట్టారు. "ఎడమది చదునుగా వీపుకు అంటుకుని ఉంది. కుడిది చూడు, అంచు లేచి బయటికి వచ్చింది. కింద ఇంత నీడ పెట్టావు. మనిషికి ఎముక అలా ఉండదు. నీడ గీయడం వచ్చింది కదా అని నీడ ఎక్కువ చేశావు."

నేను బొమ్మ చూశాను. గీసిన మధ్యాహ్నం నాకు గుర్తుంది. ఆ నీడ దగ్గర నేను ప్రత్యేకంగా ఆగాను కూడా.

"తప్పు గీయలేదు బాయీ. ఉన్నదే గీశాను."

"పహలే దేఖ్, ఫిర్ ఖీంచ్ అని నీకు ఎన్నిసార్లు చెప్పాను? ముందు చూడు, తరవాత గీత లాగు."

"చూసే గీశాను."

ఆవిడకు కొంచెం కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఆవిడ బొంబాయిలో ఎముకల శాస్త్రం చదివిన మనిషి, నేను చదవలేదు. అయినా ఆ వీపును వారం వారం చూసింది నేను. తొలి బొమ్మ తీసి కొత్తదాని పక్కన పెట్టాను. వానలు మొదలైనప్పటి బొమ్మలో రెండు రెక్కలూ సమంగా ఉన్నాయి. రెండోదానిలో కుడి అంచు దగ్గర చిన్న గీత. మూడోదానిలో అది నీడ అయింది. నాలుగోదానిలో బాయి తప్పుబట్టిన లోతు.

"నేను తప్పు గీస్తే ప్రతిసారీ అదే చోట, కొంచెం కొంచెం ఎక్కువగా ఎందుకు తప్పుతాను?" అన్నాను.

బాయి నాలుగు కాగితాలూ వరసగా మళ్ళీ చూశారు. ఆవిడ ముఖంలో కోపం పోయింది. "ఇంటికి వెళ్ళు" అన్నారు. "మీ అన్నయ్యను గోడకు రెండు చేతులూ ఆనించి నెట్టమను. వెనకనుంచి చూడు."

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య భోజనం చేసి ఉన్నాడు. కొత్త భంగిమ కావాలని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. పెరటి గోడకు రెండు అరచేతులూ ఆనించి, ఆగిపోయిన ట్రాలీని నెడుతున్నట్టు నెట్టమన్నాను. నెట్టాడు. ఎడమ రెక్క కదలలేదు. కుడి రెక్క ఎముక వీపులోంచి పక్షి రెక్క విప్పినట్టు లేచి నిలబడింది. దాని కింద నా నాలుగు వేళ్ళూ పట్టేంత పల్లం.

వదిన బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ కళ్ళు దించుకుంది. ఆవిడకు ఏదో తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

"అన్నయ్యా, కుడిచెయ్యి పైకెత్తు."

"ఎందుకు?"

"ఎత్తు ఒకసారి."

ఎత్తాడు. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం ఎత్తబోయి పళ్ళు బిగించాడు. తరవాత ఎడమచేత్తో దాన్ని పట్టుకుని దించేశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"ఏటెన్నాళ్ళు? ఫైర్‌మన్ అన్నాక చెయ్యి నొప్పి ఉండదేటి? అందరికీ ఉంటాది."

వదిన తడిచీర చేతిలో పట్టుకునే మాట్లాడింది. "వానలు పడ్డప్పటినుంచి అమ్మాయ్. రోజూ నూనె రాస్తన్నాను. ఎవులికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. ఈమధ్య ఎడమచేత్తోనే బొగ్గేస్తన్నారంట."

"నువ్వూరుకో!" అని అన్నయ్య అరిచాడు. అతను ఇంట్లో అరవడం నేను అంతవరకు వినలేదు. అమ్మ లోపల్నుంచి పరుగెత్తుకుని వచ్చింది. "డాక్టర్ సాబ్ చూస్తే అన్‌ఫిట్ అని రాస్తాడు. తెలుసా మీకు? ఇంజన్ మీదనుంచి దింపేస్తారు. ఇంక డ్రైవరూ లేదు, గీవరూ లేదు. షెడ్‌లో బూడిదెత్తుకోవాల. ఇదంతా నడిచేది దేనివల్ల అనుకుంటన్నారు?" అంటూ మా ముగ్గురి వంకా, ఇంటి వంకా చెయ్యి ఊపాడు. ఊపింది ఎడమచెయ్యి.

వాదించి లాభం లేదనిపించింది. లోపలికి వెళ్ళి నాలుగు బొమ్మలూ తెచ్చి వసారా గోడకు వరసగా ఆనించాను. "చూడు" అన్నాను.

ఎవరి వీపు వాళ్ళకు కనబడదు. తన వీపు అన్నయ్య ఎప్పుడూ చూసుకుని ఉండడు. నొప్పి తెలుసు, చెయ్యి లేవకపోవడం తెలుసు. కానీ అది బయటికి ఇలా కనబడుతోందని అతనికి తెలియదు. మొదటి బొమ్మ ముందు గర్వంగానే నిలబడ్డాడు. ఆఖరిదాని దగ్గరికి వచ్చేసరికి వంగి, కుడి రెక్క కింద నల్లటి నీడను వేలితో తాకబోయి, సుద్ద చెరిగిపోతుందని వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నా వీపేనా?"

"నీదే."

"నువ్వు ఎక్కువ చేసి గియ్యలేదు కదా?"

"లేదు. బాయి కూడా అదే అడిగారు. లేదన్నాను."

అన్నయ్య గోడకు చేరబడి నేలమీద కూర్చున్నాడు. "నువ్వు చూడకుండా ఉండాల్సింది" అన్నాడు. తిట్టినట్టు కాదు, అలసిపోయినట్టు అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది గానీ ఆ మాటకు ఒప్పుకోలేదు. "చూడ్డం నా పని. చెయ్యి పోగొట్టుకోవడం నీ పని కాదు" అన్నాను. "బాయి ఉద్యోగం నేను తెచ్చుకుంటాను. ఇల్లు ఎలాగోలా నడుస్తాది. నువ్వు రేపు ఆసుపత్రికి ఎల్లు."

అమ్మ కొడుకు పక్కన కూర్చుని ఆ కుడి భుజం మీద చెయ్యి వేసింది. అతను వెళ్ళడానికి ఒప్పుకున్నది నా మాటకు కాదు, ఆ చేతికి అనుకుంటాను.

మర్నాడు వదిన, నేను ఇద్దరం వెంట వెళ్ళాం. రైల్వే ఆసుపత్రి డాక్టరు నెమ్మదస్తుడు. అన్నయ్య చేత గోడ నెట్టించి, చెయ్యి ఎత్తించి, సూదితో గుచ్చి చూసి, ఎప్పటినుంచి అని అడిగాడు. అన్నయ్య "కుఛ్ దిన్ సే" అన్నాడు, ఏవో కొద్దిరోజులన్నట్టు. వదిన చీర కొంగు కిందనుంచి నా కాగితాల చుట్ట తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ వాటిని తెచ్చిన సంగతి నాకు తెలియదు. డాక్టరు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. ఏది ముందు గీసింది, ఏది తరవాత అని నన్నే అడిగాడు. చెప్పాను.

రెక్క ఎముకను వీపుకు అదిమిపెట్టే కండకు పోయే నరం దెబ్బతిందని, ఏళ్ళ తరబడి ఒకే పక్కకు తిరిగి బరువు విసరడంవల్ల అలా కావచ్చని ఆయన చెప్పాడు. పార ముట్టుకోకుండా ఉంటే నరం తిరిగి కోలుకోవచ్చు, టైము పడుతుంది. ఇలాగే లాగితే చెయ్యి మళ్ళీ లేవదు. అన్నయ్య భయపడ్డ మాటే రాశాడు, కానీ దాని కింద ఇంకోమాట కూడా రాశాడు: కోలుకునేదాకా తేలికపని ఇవ్వాలని. అన్నయ్యను ఇంజన్ మీదనుంచి దింపి లోకో షెడ్‌లో పనిముట్లు అందించేచోట వేశారు.

ఆ శీతాకాలం మా ఇంట్లో బాగోలేదు. అన్నయ్య నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. దూరంగా ఇంజను కూత వినబడితే, అది ఏ ఇంజనో చెప్పబోయి ఆగిపోయేవాడు. నేను అతన్ని మళ్ళీ గీస్తానని అడగలేదు. వదిన సిగ్గు మానుకుని నాకోసం కూర్చుంది. రుబ్బురోలు ముందు వంగిన వదిన, జుట్టు విదుల్చుకునే వదిన, నిద్రలో చెయ్యి వేలాడేసిన వదిన. ఆవిడ వల్లే నాకు ఆడమనిషి మెడ గీయడం వచ్చింది. అమ్మను కూడా గీశాను, పీట మీద కాపలా కూర్చున్నప్పుడు, ఆవిడకు తెలియకుండా.

ఎండలు ముదిరే వేళకు అన్నయ్య ఒక ఆదివారం పెరట్లో బట్టల తాడు తెగితే కొత్తది కట్టాడు. కుడిచేత్తో తల పైదాకా ఎత్తి, ముడివేసి, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉండగా వెనక్కి తిరిగి నావైపు చూశాడు. "ఏటి చూస్తన్నావు? కాయితం తెచ్చుకోవా?" అన్నాడు. నేను లోపలికి పరుగెత్తాను. ఆ బొమ్మ అంత బాగా రాలేదు. నాకు కళ్ళు సరిగా కనబడలేదు.

అతను మళ్ళీ ఇంజన్ ఎక్కలేదు. చెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది గానీ ఆ పనికి సరిపోయేంత రాలేదు. తరవాత షెడ్‌లో కొత్త ఫైర్‌మన్లకు పని చూపించేచోట వేశారు. రెండు చేతులనూ మార్చి మార్చి వాడమని వాళ్ళను తెగ పోరేవాడట. డ్రైవరు కాలేకపోయినందుకు బాధ ఉండేది. లేదని అతనూ అనలేదు, నేనూ అనను.

బాయికి ఆ వేసవిలోనే బదిలీ వచ్చింది. బళ్ళో ఇంటర్వ్యూకు నన్ను పిలిచారు. విద్యాశాఖ నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు ఒకావిడ, మా హెడ్‌మిస్ట్రెస్ కూర్చున్నారు. మిగతావాళ్ళు తెచ్చిన పువ్వులూ, కుండలూ బల్లమీద ఉన్నాయి. నేను అన్నయ్య వీపు పరిచాను. పర్యవేక్షకురాలు కళ్ళజోడు సవరించుకుని చూసి, కొంచెం వెనక్కి జరిగారు.

"ఇది మగవాడి శరీరం కదా?"

"అవునండీ. పని చేసే మనిషి శరీరం. మా అన్నయ్య."

"ఆడపిల్లల బళ్ళో ఇది నేర్పుతావా?"

"ఆడపిల్లలకు అన్నలూ, నాన్నలూ ఉంటారు కదండీ. వాళ్ళు ఎలా పని చేస్తారో చూడ్డం నేర్పుతాను. వాళ్ళమ్మలనూ గీయిస్తాను" అంటూ రుబ్బురోలు ముందు వదిన, పీట మీద అమ్మ ఉన్న బొమ్మలు పరిచాను.

ఆవిడ తేలిగ్గా వదల్లేదు. "ఇవన్నీ నువ్వే గీశావని ఏమిటి నమ్మకం?" అన్నారు. తలుపు దగ్గర నీళ్ళ కుండ దించుతున్న బడి ఆయమ్మను చూపించి, ఆమెను గీయమన్నారు. ఆయమ్మ కంగారుపడింది. కుండను తిరిగి నడుం మీదకు ఎత్తుకోమని ఆమెకు ఛత్తీస్‌గఢీలో చెప్పాను. బరువు ఏ కాలి మీద ఉందో చూశాను. తల నుంచి మడమ దాకా గేరు గీత ఒకటి. కుండను పట్టిన చేతికి గాజుల్లా చుట్టే గీతలు. చీర మడతలకు, కొప్పుకు నలుపు. తెలుపు ఒక్కచోటే, కుండ అంచున మెరిసిన తడి మీద. మిగతాది కాగితానికి వదిలేశాను. సుద్ద కిందపెట్టి, వేళ్ళు దులుపుకుని, బొమ్మను వాళ్ళవైపు తిప్పాను. నాకు ఏ కోశానా భయం లేదు.

ఆయమ్మే ముందుగా వంగి చూసి, "హవ్, మోర్ కనిహా" అంది. అవును, నా నడుమే, అని. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకేసారి నవ్వారు.

వానలు పడుతూనే బడి తెరిచారు. నేను చేరాను. మొదటి రోజు పిల్లల్లో పొడుగ్గా ఉన్న అమ్మాయిని పిలిచి బల్ల ఎక్కి నిలబడమన్నాను. మిగతావాళ్ళంతా ముసిముసిగా మొదలుపెట్టి పగలబడి నవ్వారు. బల్లమీది పిల్ల కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్క క్లాసులోంచి పంతులమ్మ తొంగి చూసింది. నేను ఎవరినీ ఆపలేదు.

"నవ్వండి" అన్నాను. "నవ్వుతున్న మనిషి ఎక్కడ వంగుతుందో చూశారా? ఆ వంపు ముందు గీయండి."